మీకు తెలుసా? చెట్టు మీది గెల కూడా సరుకే!

భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్న పెదవేగి చుట్టూ ఎటు చూసినా పామాయిల్ తోటలే. మట్టల నడుమ ముళ్లతో కూర్చున్న గెలను కోసి ఇస్తానని రైతు బేరం ఒప్పుకుంటే చాలు, 1930 నాటి వస్తు విక్రయ చట్టం దృష్టిలో అది ‘సరుకు’. నోటిమాట బేరమూ చెల్లుతుంది. ధర ముందే తేల్చుకోకపోయినా, తేల్చే పద్ధతి కుదిరితే సరిపోతుంది.

అసలు కీలకం నష్టం సంగతి. వేరే ఒప్పందం లేకపోతే, సరుకుపై యాజమాన్యం ఎవరిదో నష్టమూ వారిదే. సరుకు అప్పగించినా, అప్పగించకపోయినా ఇదే నియమం. అయితే అప్పగింత ఒకరి తప్పువల్ల ఆలస్యమైతే, ఆ ఆలస్యంతో వచ్చిన నష్టం వారే భరించాలి. కోసిన గెల త్వరగా గానుగకు చేరాలి కాబట్టి రైతుకు ఈ నిబంధన ఎంతో ముఖ్యం.

నోటిమాట బేరం చెల్లినా, దాన్ని కోర్టులో రుజువు చేయడం కష్టం. అందుకే తూకం కాగానే తేదీ, సమయం ఉన్న కాటా చీటీ అడిగి తీసుకోండి.