అడవిలో కట్టిన జంతుశాల

విశాఖపట్నం నుండి కలకత్తా వైపు పోవు రైలు భువనేశ్వర్ దాటిన కొంతసేపటికి బారంగ్ అను చిన్న స్టేషను వచ్చును. వేగంగా పోవు బండ్లు అక్కడ ఆగవు. ఆ స్టేషనుకు కొద్ది దూరంలోనే చందకా అడవి అంచున నందన్‌కానన్ జంతుశాల ఉన్నది. నందనకాననమనగా మన నందనవనమే. కాంజియా అను సహజమైన సరస్సు దీని మధ్య ఉన్నది. సరస్సునకు ఒక ప్రక్క జంతుశాల, మరొక ప్రక్క వృక్షోద్యానము. అన్నీ కలిపి 437 హెక్టార్లు, అనగా సుమారు 1,080 ఎకరాలు. దక్షిణ భారత విహారయాత్రకో ఉత్తర భారత విహారయాత్రకో విద్యార్థులను తీసుకొనిపోవు ఉపాధ్యాయులు ఈ మధ్యదారిలోని చోటును సాధారణంగా మరచిపోవుదురు.

ఈ జంతుశాల పుట్టుక కొంత విచిత్రమైనది. 1960లో ఢిల్లీలో జరిగిన ప్రపంచ వ్యవసాయ ప్రదర్శనలో ఒరిస్సా అటవీశాఖవారు తమ రాష్ట్రపు మండపంలో కొన్ని జంతువులను ఉంచినారు. జనం విరగబడి చూచినారు. ప్రదర్శన ముగిసిన పిమ్మట, ఇట్టి జంతువులకు స్వరాష్ట్రంలోనే ఒక శాశ్వతమైన చోటు ఎందుకు ఉండరాదన్న ఆలోచన కలిగినది. 1960 డిసెంబరులో నందన్‌కానన్ ప్రారంభమైనది. నగరం నడుమ తోట వేసి అందులో బోనులు కట్టుట అంతవరకు నడచిన పద్ధతి. ఇక్కడ మాత్రం ఉన్న అడవిని అట్లే ఉంచి, అందులో జంతువులకు ఆవరణలు ఏర్పరచినారు.

ఈ తేడా పైకి కనిపించునంత చిన్నది కాదు. బోను లేకుండ జంతువును ఉంచవచ్చునని మొదట పెద్ద ఎత్తున చూపినవాడు జర్మనీ దేశస్థుడు కార్ల్ హాగెన్‌బెక్. 1907లో హాంబర్గ్ సమీపాన ఆయన తెరచిన జంతుశాలలో ఇనుప కమ్ములకు బదులు లోతైన కందకాలు ఉండెను. పులి ఎంత దూరం దూకగలదో, ఎంత ఎత్తు ఎగురగలదో కొలిచి, అంతకంటె కొంచెము ఎక్కువగా కందకము తవ్వినచో చాలును. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు హెడిగర్ దీనికి మరొక సూత్రము జోడించినాడు. ప్రతి అడవి జంతువునకు ఒక “పారిపోవు దూరం” ఉండును. మనిషి అంతకంటె దగ్గరకు వచ్చినచో జంతువు పరుగెత్తును. పరుగెత్తుటకు తావు లేనిచో లోలోపల తల్లడిల్లును. ఇరుకైన బోనులో పులి అదే పనిగా ఎనిమిది అంకె వలె చుట్టు తిరుగుట చాలమంది చూచియుందురు. అది ఠీవి కాదు, బాధ. అడవిలోని విశాలమైన ఆవరణలో జంతువు చెట్టు చాటునకు పోగలదు. చూడవచ్చినవారికి అది నిరాశ కలిగించవచ్చును గాని, జంతువునకు అదే ఆరోగ్యము.

అయితే అడవిలో ఇల్లు కట్టుకొన్నవాడు అడవి తన ఇంటికి రాకూడదనుట కుదరదు. 1967 జనవరిలో ఇది ప్రత్యక్షముగా తెలిసివచ్చినది. చందకా అడవిలో స్వేచ్ఛగా తిరుగుచున్న ఒక ఆడపులి రాత్రివేళ తనంతట తానే నందన్‌కానన్‌కు వచ్చినది. అప్పటికి అక్కడ ప్రదీప్ అను మగపులి ఉన్నది. దాని తోడు కోరియే ఇది వచ్చినదని భావించినారు. దీనిని అక్కడే ఉంచి కానన్ అని పేరు పెట్టినారు. అడవి నుండి జంతుశాలకు పారివచ్చిన జంతువు! సాధారణంగా కథ ఇందుకు విరుద్ధముగా నడచును.

మగపులి ఉనికి దీనికి ఎట్లు తెలిసినది? పులి గర్జన ప్రశాంతమైన రాత్రివేళ కిలోమీటర్ల దూరము వినిపించును. అంతేకాక పులి చెట్ల మొదళ్లపై వెనుకకు చిమ్ము ద్రవము ఒకటి కలదు. దానిని కలకత్తా భారత గణాంకశాస్త్ర సంస్థకు చెందిన రతన్‌లాల్ బ్రహ్మచారి చాల ఏండ్లు పరిశీలించినారు. ఒరిస్సాలోని సిమిలిపాల్ వద్ద సరోజ్ రాజ్ చౌధురి అను అటవీశాఖాధికారి ఇంట పిల్లవలె పెరిగిన ఖైరీ అను ఆడపులి ఆయన పరిశోధనకు ఎంతో తోడ్పడినది. ఆ ద్రవములోని సువాసనకు కారణమైన పదార్థము, బాస్మతి బియ్యమునకు సువాసననిచ్చు పదార్థము ఒకటేనని ఆయన, ఆయన సహచరులు 1990లో ప్రకటించినారు. వంటింట అన్నము ఉడుకుచుండగా వచ్చు ఆ వాసన అడవిలో పులికి ఉత్తరము వంటిది. ఎవరు, ఎప్పుడు, ఏ స్థితిలో ఇటు వచ్చినారో దానివలన తెలియును. నేడు చందకాలో స్థిరముగా నివసించు పులులు లేవు.

పులి వచ్చిన దారినే మరొకటి కూడ వచ్చినది. దానికి రెక్కలు ఉన్నవి.

2000 సంవత్సరపు జూన్ చివర, జూలై మొదట కొద్ది రోజులలోనే నందన్‌కానన్‌లో 12 పులులు మరణించినవి. వానిలో అధికభాగము తెల్లపులులు. దేశమంతట కలకలము రేగినది. పరీక్షలో వాని రక్తమున ట్రిపనోసోమా ఇవాన్సై అను ఏకకణజీవి కనిపించినది. పశువైద్యులు ఈ రోగమును సర్రా అందురు. గుర్రాలు, ఒంటెలు దీనివలన చచ్చుచుండగా 1880లో పంజాబు ప్రాంతమున గ్రిఫిత్ ఇవాన్స్ అను సైనిక పశువైద్యుడు ఈ జీవిని మొదట కనుగొన్నాడు. ఆఫ్రికాలోని అతినిద్రా రోగమునకు కారణమైన జీవి దీనికి దగ్గరి చుట్టము. కాని ఒక ముఖ్యమైన తేడా కలదు. ఆఫ్రికా రోగములో ఆ జీవి సెట్సీ ఈగ కడుపులో కొంతకాలము పెరిగి రూపము మార్చుకొనవలెను. సర్రాకు అట్టి అవసరము లేదు. మన పల్లెలలో పశువులను పీడించు జోరీగ ఒక జంతువును కుట్టుచుండగా, అది తోక విసిరి తరిమినచో, నెత్తురంటిన ముట్టెతోనే మరొక జంతువుపై వాలును. ఆ కొద్ది నిమిషాలలోనే రోగము చేతులు మారును. ఒక విధముగా ఇది కడగని సూదితో మందు ఎక్కించుట వంటిది.

జోరీగలు వానకాలములో పెచ్చుపెరుగును. తడినేల, నీటి అంచు, చెట్ల నీడ వానికి ఇష్టమైన తావులు. సరస్సు ఒడ్డున అడవిలో కట్టిన జంతుశాలకంటె వానికి అనువైన చోటు వేరొకటి ఉండునా? పైగా పశువులలోను, గేదెలలోను ఈ జీవి పైకి ఏ లక్షణము చూపకుండ చాలకాలము దాగియుండగలదు. అది తన పైపొరను మాటిమాటికి మార్చుకొనుచుండుటచే శరీరము ఒక పొరను గుర్తించి ఎదుర్కొనులోపల మరొక పొరతో తయారగును. అందుచేతనే దీనికి టీకా సాధ్యము కాలేదు. నందన్‌కానన్ పులులకు ఇచ్చిన మందు విషయములో కూడ అప్పట్లో తీవ్రమైన వాదోపవాదాలు నడచినవి. రోగము ఎంత చంపినది, మందు ఎంత చంపినదన్న వాదములోనికి పోకుండ ఒక మాట చెప్పవచ్చును. పులి ఒంట్లో బాగులేదని చెప్పుకొనదు. మేత మానివేయువరకు పాలకునికి తెలియదు. తెలియునప్పటికి రక్తము నిండ ఆ జీవులు ఈదుచుండును. కనుక వానలకు ముందే నెత్తుటి పరీక్షలు చేయుట, ఆవరణల దరిదాపులకు పశువులను రానీయకుండుట, ఈగలు పెరుగు మురుగును తొలగించుట ముఖ్యము. ఇవి చూచువారికి కనిపించని పనులు. ఏ జంతుశాల గొప్పదనమైనను పాలు ఈ పనులలోనే తెలియును.

చనిపోయినవానిలో తెల్లపులులు అంత ఎక్కువ ఉండుటకు కారణము, ఆ జంతుశాల వానికి పేరుపొందినదగుటయే. తెల్లపులి అనగా వేరొక జాతి కాదు. వర్ణహీనమైన జంతువు కూడ కాదు. దాని చారలు నల్లగానే ఉండును, కండ్లు నీలముగా ఉండును. పసుపు, ఎరుపు ఛాయలనిచ్చు వర్ణకము మాత్రమే లోపించును. ఒక ప్రోటీనులో 477వ స్థానమున ఉండవలసిన ఎలనిన్ అను అమైనో ఆమ్లమునకు బదులు వాలిన్ చేరుటయే దీనికి కారణమని 2013లో చైనా శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఒక్క అక్షరము మారగా పద్యమంతయు రంగు మారినట్లు!

ఈ లక్షణము అంతర్గతమైనది. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు జన్యువులును మారినవే అయినప్పుడే పిల్ల తెల్లగా పుట్టును. 1951లో రీవా మహారాజు మార్తాండ్ సింగ్ పట్టించిన మోహన్ అను తెల్లపులికి మామూలు ఆడపులితో పుట్టినవన్నియు మామూలు పిల్లలే. దాని కూతురైన రాధతో జత కలిపిన తరువాత 1958లో నాలుగు తెల్ల కూనలు పుట్టినవి. నందన్‌కానన్ సంగతి ఇంకను ఆశ్చర్యకరము. అక్కడి దీపక్, గంగ రెండును మామూలు రంగు పులులు. మోహన్ వంశముతో వానికి సంబంధము లేదు. 1980 జనవరిలో వానికి తెల్ల కూనలు పుట్టినవి. దీపక్‌కు గంగ కూతురు. తండ్రిలో దాగియున్న జన్యువు కూతురికి చేరి, ఇద్దరి కలయికలో బయటపడినది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఇవ్వవచ్చును. తండ్రి ఒక మారిన జన్యువు దాచుకొన్నది, తల్లిలో అది లేదు అనుకొనుడు. ఒక కూతురు దానిని పొందు అవకాశము సగము. పొందిన కూతురితో ఆ తండ్రికి పుట్టు పిల్ల తెల్లదగు అవకాశము నాలుగవ వంతు. రెండును కలిపిన ఎనిమిదవ వంతు. రెండు మామూలు బంధువులు కాని పులులతో ఇట్టి అవకాశము ఎంత స్వల్పమో దీనితో పోల్చి చూచిన విద్యార్థులకు ఒక సంగతి తట్టును: ఎనిమిదవ వంతు అవకాశము తెల్లరంగునకు మాత్రమే కాదు, అదే విధముగా దాగియున్న ప్రతి దోషమునకును వర్తించును. తెల్లపులులలో మెల్లకన్ను తరచుగా కనిపించుటకు కారణము కంటి నుండి మెదడునకు పోవు నరములు దారితప్పుట. అడవి పులికి ఎటునుండియో కొత్త నెత్తురు వచ్చుచుండును. జంతుశాలలో రాదు. కంచె ఈగను ఆపలేదు గాని, జన్యువులను మాత్రము బాగుగా ఆపినది. ప్రజలు తెల్లపులిని చూచుటకే వత్తురన్నది నిజమే. కాని రంగు కొరకు దగ్గరి చుట్టాలను జత కలుపుట జాతిరక్షణ అనిపించుకొనదని నా అభిప్రాయము. వంశవృక్షాలను శ్రద్ధగా వ్రాసిపెట్టుట వలన మాత్రం మేలు కలిగినది. సిమిలిపాల్ అడవిలో నల్లచారలు వెడల్పై ఒకదానితోనొకటి కలిసిపోయిన పులులు కొన్ని కనిపించుచున్నవి. దానికి కారణమైన జన్యువును 2021లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు గుర్తించుటకు నందన్‌కానన్‌లోని పులుల వంశవృక్షము ఉపయోగపడినది.

ఈ జంతుశాలలో జనం ఎక్కువసేపు నిలువని చోట్లు రెండున్నవి. ఒకటి అలుగులది. 2009 నుండి అక్కడ అలుగుల సంవర్ధన కేంద్రము నడచుచున్నది. పగలంతయు బొరియలో నిద్రించు ఈ పొలుసుల జంతువునకు చీమలు, చెదలు తప్ప వేరు ఆహారము రుచించదు. పాలు, గుడ్డు కలిపిన జావకు దానిని అలవాటు చేయుటయే పెద్ద విద్య. ఆడ అలుగు సాధారణంగా ఒక్క పిల్లనే కనును.

రెండవది ఘరియాల్ మొసళ్ల కొలను. పొడుగైన సన్నని మూతితో చేపలను మాత్రమే పట్టి తిను ఈ మొసలి మనిషి జోలికి రాదు. ఎదిగిన మగదాని ముక్కు కొనపై కుండ బోర్లించినట్లు ఒక బుడిపె ఉండును. ఘరా అనగా కుండ. మన దేశములో ఈ జాతి నివసించు నదులలో మహానది దక్షిణపు హద్దు. 1970 ప్రాంతములో ఇవి నశించిపోవు స్థితికి రాగా, 1975లో మొసళ్ల పరిరక్షణ పథకము మొదలైనది. మహానది ఒడ్డున టికర్‌పడా వద్ద గుడ్లను పొదిగించు కేంద్రము వెలసినది. నందన్‌కానన్‌లో ఆడవి ఉన్నవి గాని, ఎదిగిన మగది కావలసివచ్చినది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ జంతుశాల నుండి ఒక మగదానిని ఎరువు తెచ్చినారు. గంగ ఒడ్డున పుట్టవలసిన జాతికి పెండ్లికొడుకు జర్మనీ నుండి రావలసివచ్చెను! జత కలియుటకు లోతైన నీరు, గుడ్లు పెట్టుటకు ఇసుకదిబ్బ ఏర్పరచినారు. 1980లో గుడ్లు పొదిగి పిల్లలు బయటికి వచ్చినవి. నిర్బంధములో ఘరియాల్ సంతానము కలుగుట ప్రపంచములో అదే మొదలు.

పిల్లలను పుట్టించుట ఒక పని. నదిలో నిలబెట్టుట వేరొక పని. మహానదిలో వందల పిల్లలను వదలినను మిగిలినవి బహు కొద్ది. చేపల వలలలో చిక్కుకొన్న మొసలి పైకి వచ్చి ఊపిరి పీల్చుకొనలేక చచ్చును. ఇసుక తరలిపోయినచో గుడ్లు పెట్టుటకు తావు ఉండదు. 2019లో నందన్‌కానన్‌లో పెరిగిన కొన్నింటిని సాత్‌కోశియా లోయలో మరల నదికి వదలినారు. 2021 మే నెలలో ఆ లోయలోని ఒక ఇసుకతిన్నెపై 28 పిల్లలు కనిపించినవి. మహానదిలో సహజముగా ఘరియాల్ పిల్లలు పుట్టుట సుమారు నాలుగు దశాబ్దాల తరువాత అదే మొదటిసారి. ఇట్టి పిల్లలలో చాలభాగము మొదటి వరదకే కొట్టుకొనిపోవును. మిగిలిన ఆడవి ఈడు వచ్చుటకు పది ఏండ్లు పట్టును. మగవానికి కుండ మొలచుటకు ఇంకను ఎక్కువ కాలము కావలెను. ఆ 28లో ఏ ఒక్కటి బ్రతికినను, అది ఇసుకలో తన గుడ్లు పెట్టుట 2031కి ముందు జరుగదు.