ఆ సంచీ వెనుక ఎన్ని చేతులో!

గిన్నెడు పాలకి చెంచాడు తోడు చాలు. కానీ ఆ తోడు మంచిదై ఉండాలి, పాలు గోరువెచ్చగా ఉండాలి. మరీ వేడిగా ఉన్నా, చల్లారిపోయినా తెల్లారేసరికి పెరుగు పేరుకోదు. మూలకణాల మార్పిడి గురించి చదువుతుంటే నాకు పదేపదే ఈ తోడే గుర్తొచ్చింది. ఒకరి నుంచి తీసిన కాసిని కణాలు మరొకరి ఒంట్లో చేరి, మొత్తం రక్తాన్నే కొత్తగా తయారుచేస్తాయి మరి!

మన రక్తానికి పుట్టిల్లు ఎముకల్లోని మూలుగ. ఎర్రకణాలూ, తెల్లకణాలూ, ప్లేట్‌లెట్లూ అన్నీ అక్కడి మూలకణాల సంతానమే. లుకేమియా, తలసీమియా, ఎప్లాస్టిక్ ఎనీమియా లాంటి జబ్బుల్లో ఆ పుట్టింట్లోనే తేడా వస్తుంది. అప్పుడు కొందరికి డాక్టర్లు బోన్‌మారో మార్పిడి చేయాలంటారు. మన దేశంలో ఈ వైద్యం 1983లో అప్పటి బొంబాయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో మొదలైంది. 1986లో వెల్లూరు సి.ఎం.సి.లోనూ ప్రారంభించారు. ఇప్పుడు హైదరాబాద్‌లోనూ చేస్తున్నారు.

మార్పిడి అనగానే ఎముక కోసి అతికిస్తారేమో అనుకుంటాం. అదేం లేదు. రక్తం ఎక్కించినట్టే ఒక సంచీ తగిలించి నరంలోకి వదులుతారు. ఆ కణాలు తమంతట తామే దారి వెతుక్కుని మూలుగలోకి చేరతాయి. మరి అంత తేలికా? కాదండీ! అసలు కష్టమంతా సంచీ మంచం దగ్గరికి రాకముందే జరుగుతుంది.

తీయడం ఒక ఎత్తు

కణాలు తీయడానికి రెండు దారులు. ఒకటి, మత్తు ఇచ్చి నడుము వెనుక, తుంటి ఎముకలోంచి సూదితో మూలుగ లాగడం. రెండోది, నాలుగైదు రోజులు ఇంజక్షన్లు ఇచ్చి మూలకణాలని రక్తంలోకి రప్పించి, మెషీన్‌తో వడకట్టడం. ఒక చేతి నుంచి రక్తం మెషీన్‌లోకి వెళ్తుంది. కావలసిన కణాలు సంచీలో పడతాయి. మిగిలిన రక్తం రెండో చేతిలోకి తిరిగొచ్చేస్తుంది. నాలుగైదు గంటలు కదలకుండా పడుకోవాలి. ఇంజక్షన్ల రోజుల్లో ఒళ్ళు నొప్పులుంటాయి. మెషీన్ మీద ఉన్నప్పుడు పెదాలు చిమచిమలాడితే కాల్షియం ఇస్తారు.

సిద్ధం చేయడం మరో ఎత్తు

సంచీ లేబరేటరీకి చేరగానే మొదటి పని లెక్క. మూలకణాల మీద సి.డి.34 అనే గుర్తు ఉంటుంది. దాన్నిబట్టి వాటిని మెషీన్‌లో లెక్కపెడతారు. రోగి బరువులో ప్రతి కిలోకీ కనీసం 20 లక్షల కణాలుండాలి. 50 లక్షలుంటే మరీ మంచిది. చాలకపోతే మర్నాడు మళ్ళీ తీస్తారు.

ఎందుకంత పట్టింపు అంటారా? కొత్త కణాలకి చోటు చేయడానికి చాలామంది రోగులకి ముందే గట్టి మందులిచ్చి పాత మూలుగని ఖాళీ చేసేస్తారు. ఇక వెనక్కి తిరిగే దారి ఉండదు. ఆ సంచీలో సరుకు సరిగ్గా లేకపోతే ప్రాణానికే ముప్పు.

తుంటి నుంచి తీసిన మూలుగలో ఎముక పొడీ, కొవ్వూ ఉంటాయి. వాటిని వడకడతారు. ఇక బ్లడ్ గ్రూపు సంగతి. ఈ మార్పిడికి ముఖ్యంగా కలవాల్సింది హెచ్.ఎల్.ఎ. అనే గుర్తులు. గ్రూపు వేరైనా పనికొస్తుంది. కాకపోతే దాత ఎర్రకణాలు రోగికి పడనప్పుడు వాటిని తీసేస్తారు. దాత ప్లాస్మా పడనప్పుడు ప్లాస్మాని తగ్గిస్తారు. చిత్రమేమిటంటే, మార్పిడి ఫలించాక కొన్ని నెలలకి రోగి గ్రూపు దాత గ్రూపుగా మారిపోతుంది!

తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. అమ్మతోనో నాన్నతోనో మాత్రం సగమైనా కలుస్తుంది. అలా సగం కలిసినప్పుడు దాత కణాల్లోని టి కణాలు రోగి ఒంటి మీదే తిరగబడే ప్రమాదం ఎక్కువ. అందుకని కొన్నిచోట్ల లేబరేటరీలోనే సన్నని అయస్కాంతపు పూసలతో వాటిని ఏరేస్తారు, బియ్యంలో రాళ్ళేరినట్టు! మరికొన్ని చోట్ల మార్పిడి అయ్యాక రోగికి మందిచ్చి అదుపు చేస్తారు.

క్రిములున్నాయేమో పరీక్షకి పంపుతారు. పేరూ నంబరూ ఇద్దరు మనుషులు సరిచూస్తారు. ఇలాంటి రోగులకి ఎక్కించే మామూలు రక్తానికి రేడియేషన్ ఇస్తారు, తెల్లకణాల ఫిల్టర్ వాడతారు. మూలకణాల సంచీకి పొరపాటున కూడా ఆ రెండూ చేయకూడదు. చేస్తే కావలసిన కణాలే పోతాయి.

ఫ్రీజర్‌లో పెట్టాలంటే...

మైలోమా లాంటి జబ్బుల్లో రోగి కణాలనే ముందుగా తీసి దాచి, మందులయ్యాక తిరిగి ఎక్కిస్తారు. 2020లో కోవిడ్ రోజుల్లో ప్రయాణాలు ఆగిపోతాయన్న భయంతో దాతల కణాలని కూడా ఇలా ముందే దాచారు.

టమాటాని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే మెత్తబడి నీరు కారుతుంది కదూ! లోపల మంచు పలుకులు కట్టి చీల్చేయడమే కారణం. కణాలకీ అంతే. అందుకే సుమారు 10 శాతం డి.ఎం.ఎస్.ఓ. అనే ద్రవం కలిపి, నిమిషానికి ఒక్కో డిగ్రీ చొప్పున నెమ్మదిగా చల్లబరుస్తారు. తర్వాత ద్రవ నైట్రోజన్ టాంకులో మైనస్ 150 డిగ్రీల కన్నా దిగువన ఉంచుతారు. అలా ఏళ్ళ తరబడి నిలవ ఉంటాయి.

కరిగించేటప్పుడు మాత్రం ఆలస్యం పనికిరాదు. 37 డిగ్రీల నీళ్ళలో గబగబా కరిగించి వెంటనే ఎక్కించాలి. లేకపోతే కాపాడిన ఆ ద్రవమే కణాలకి హాని చేస్తుంది. ఒకటి రెండు రోజులు రోగి ఊపిరి వెల్లుల్లి వాసనేస్తుంది. కంగారు పడక్కర్లేదు, అది ఆ ద్రవం వాసనే.

దారి వేసిన దంపతులు

ఈ వైద్యానికి బాట వేసిన అమెరికా డాక్టర్ డొనాల్ థామస్‌కి 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన భార్య డాటీ జర్నలిజం చదువు వదిలి లేబరేటరీ పని నేర్చుకున్నారు. ముగ్గురు పిల్లల్ని పెంచుతూనే భర్త పక్కన పనిచేశారు. ఆయన వ్యాసాలు దిద్దారు. ఆయన ఈ వైద్యానికి తండ్రయితే ఆవిడ తల్లి అని ఆ రంగంలోని వారే చెప్పుకుంటారు. బహుమతి మీద మాత్రం ఆవిడ పేరు లేదు.

ఆడపిల్ల ఇవ్వొచ్చా?

“పెళ్ళి కావలసిన పిల్ల, మూలుగ తీస్తే రేపు కాన్పులకి తట్టుకుంటుందా?” అని పెద్దవాళ్ళు అడ్డం పడుతుంటారు. భయం సహజమే. కానీ తీసిన మూలుగ కొద్ది వారాల్లో తిరిగి ఊరుతుంది. పిల్లలు పుట్టడానికీ దీనికీ సంబంధం లేదు. గర్భవతిగా ఉన్నప్పుడు మాత్రం తీయరు. మత్తుకీ, ఇంజక్షన్లకీ తట్టుకుంటుందా లేదా అని డాక్టర్లు ముందే పరీక్షలు చేస్తారు.

అలాగని తమ్ముడి కోసమో అత్తింటివారి కోసమో బలవంతంగా ఒప్పించడమూ తగదు. ఏం చేస్తారో, నొప్పి ఎంతో చెప్పి, ఇవ్వాలా వద్దా అన్నది ఆమెకే వదిలేయాలి. రోగికి మందులు మొదలయ్యాక దాత వెనక్కి తగ్గితే చాలా ప్రమాదం. అందుకే సందేహాలన్నీ ముందే డాక్టర్‌ని అడిగి తీర్చుకోవాలి.

ఇంట్లో జోడీ దొరకనివాళ్ళు బయటి దాతల కోసం ఎదురుచూస్తుంటారు. చెన్నై కేంద్రంగా 2009లో మొదలైన ‘దాత్రి’లాంటి సంస్థల్లో పేరు నమోదు చేసుకోవడానికి బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. మీ ఇంట్లో కాలేజీ చదువుల పిల్లలుంటే ఈ మాట వాళ్ళ చెవిన వేయండి. ఎవరో తల్లి ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తూ ఉండొచ్చు!