అవ్వతాతల కారులో పసిబిడ్డకు పీఠము

నంద్యాలలో రైలు దిగి ఆళ్లగడ్డకు పోవలసినవారికి అక్కడినుండి రోడ్డే గతి. ఆళ్లగడ్డకు రైలు లేదు. దూరదేశమున కాపురమున్న కూతురు పండుగకు వచ్చునపుడు తాతగారు తమ కారు తీసికొని నంద్యాల స్టేషనునకు ఎదురుపోవుట ఆ ప్రాంతమున పలుకుటుంబములలో జరుగుచున్నదే. కాన్పైన కూతురును ఆసుపత్రినుండి యింటికి తెచ్చుటయు, మనుమనికి పుట్టువెండ్రుకలు తీయించుటకు అహోబిలమునకో మహానందికో పోవుటయు ఆ కారులోనే. పట్టణమున అల్లునిగారి కారులో బిడ్డకు వేఱుగ సీటు అమర్చియుండవచ్చును. తాతగారి కారులో అది యుండదు. ఏడాదికి పదిసార్లు ఎక్కు కారునకు అంత ఖర్చెందుకని అందరును ఊరకుందురు. ఆ పదిసార్లును బిడ్డ అవ్వ యొడిలోనే ప్రయాణము చేయును.

ఒడికంటె భద్రమైన స్థలము బిడ్డకు వేఱొకటి కలదాయని మన పెద్దల నమ్మకము. ఇంటిలో ఆ మాట నిజమే. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు చెట్టునకో లారీకో కొట్టుకొని ఆగినపుడు మాత్రము ఆ నమ్మకము పనికిరాదు. కారు ఆగును గాని, అందలి బిడ్డ అదే వేగముతో ముందునకు పోవును. లెక్క కట్టి చూడగా అది సుమారు పది మీటర్ల యెత్తునుండి, అనగా మూడంతస్తుల మేడమీదినుండి, క్రింద పడుటతో సమానము. ఆ క్షణమున పది కిలోల బిడ్డను పట్టి నిలుపవలెనన్న మూడువందల కిలోల బరువును ఆపగల చేతులు కావలయును. అట్టి చేతులు మనలో నెవరికి గలవు? అవ్వ తాను బెల్టు పెట్టుకొననిచో ఆమె బరువంతయు బిడ్డమీదనే పడును. ఒకే బెల్టును తనకును బిడ్డకును కలిపి చుట్టుకొనుట ఇంకను కీడు. పెద్దామెకును బెల్టునకును నడుమ బిడ్డ నలిగిపోవును.

ఈ నమ్మకము మనదేశమున మాత్రమే యున్నదని తలంపవలదు. అమెరికాలో పసిబిడ్డలకు కారులో ప్రత్యేకమైన సీటు ఉండితీరవలెనని మొట్టమొదట శాసించినది టెన్నెస్సీ రాష్ట్రము. రాబర్టు శాండర్సు అను పిల్లల వైద్యుడు పట్టుబట్టి 1977లో ఆ చట్టమును చేయించెను. 1978 జనవరి 1వ తేదీనుండి అది అమలునకు వచ్చెను. అయినను శాసనసభవారు తల్లి చేతులలో నున్న బిడ్డకు ఈ నియమము వర్తింపదని ఒక మినహాయింపు చేర్చిరి. తల్లి యొడి ముందు చట్టమేపాటిదని వారికిని తోచెను కాబోలు! దానిని వ్యతిరేకించినవారు ఆ మినహాయింపునకు ‘పిల్లలను నలుపు సవరణ’ యని పేరు పెట్టిరి. 1981లో గాని అది తొలగిపోలేదు.

నంద్యాల–ఆళ్లగడ్డ రోడ్డు సంగతి ఆ ప్రాంతపు స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2014 ఏప్రిలు 23వ తేదీ రాత్రి ఆళ్లగడ్డ శాసనసభ్యురాలు భూమా శోభా నాగిరెడ్డిగారు నంద్యాలలో ఎన్నికల ప్రచారము ముగించుకొని కారులో ఇంటికి మరలి వచ్చుచుండిరి. రోడ్డుమీద పోసియున్న ధాన్యపు కుప్పను తప్పింపబోగా కారు బోల్తాపడెను. ఆమె బెల్టు పెట్టుకొనియుండలేదనియు, అందుచే బండినుండి వెలుపలికి విసరివేయబడిరనియు నాటి పత్రికలు వ్రాసినవి. మరునాడు హైదరాబాదులో ఆసుపత్రియందు మరణించిరి. అప్పటికి ఆమెకు 45 ఏండ్లు. ఆ బండి ఏ చిన్నపాటి బండియు కాదు. ఆ త్రోవ ఆమెకు క్రొత్తదియు కాదు. కోతలకాలమున రోడ్డుమీద ధాన్యము ఆరబోయుట నేటికిని మన యూళ్లలో చూచుచున్నదే. గేదె అడ్డము రావచ్చును, దీపము లేని ట్రాక్టరు ఎదురు కావచ్చును. వీనిలో ఏదియు నడుపువాని నేర్పునకు లోబడినది కాదు.

తాతగారు నెమ్మదిగా నడుపుదురు గదా యనువారు గలరు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అమెరికాలో 2003 మొదలు 2007 వఱకు జరిగిన ప్రమాదములలో చిక్కిన సుమారు పండ్రెండువేలమంది పిల్లల వివరములు పరిశీలించి 2011లో వైద్యులొక వ్యాసము ప్రకటించిరి. తల్లిదండ్రులు నడిపిన కార్లలోని పిల్లలకంటె అవ్వతాతలు నడిపిన కార్లలోని పిల్లలకు దెబ్బలు తగులుట ఇంచుమించు సగమే యని తేలెను. ఇది చదివి తాతలు మీసము దువ్వుకొనవచ్చును. కాని ఆ వ్యాసములోని రెండవ మాటను గూడ వినవలయును: ఆ పిల్లలలో నూటికి తొంబదియైదుగురికి మించి ఏదో యొక సీటులోనో బెల్టులోనో కట్టబడి యున్నవారే. అంతేకాక, వయస్సునకు సరియగు సీటును వాడుటలో అవ్వతాతలు కొంచెము వెనుకబడిరనియు అందు గలదు. ఆ జాగ్రత్త కూడ చేరినచో తాతల కార్లలోని పిల్లలకు దెబ్బలు ఇంకను తగ్గెడివి.

ఇక సీటునెట్లు ఎన్నుకొనవలెను? అంగడికి పోవుటకు ముందు తాతగారి కారునే చూడవలయును. వెనుకసీటు దిండునకును వీపుదిండునకును నడుమ సందులో వ్రేళ్లు పెట్టి తడవినచో క్రొత్త కార్లలో రెండు ఇనుపకమ్ములు తగులును. వీనినే ఐసోఫిక్స్ అందురు. అవి యున్నచో అందులో తగిలించు సీటు కొనవచ్చును; తగిలించుటలో పొరపాటు తక్కువ. పాతకారైనచో అవి యుండవు. అందులకు విచారింపనక్కఱలేదు. కారు బెల్టుతోనే బిగించు సీట్లు దొరకును. అప్పుడప్పుడు మాత్రము వాడు కారునకు అవియే మేలు. వియ్యంకుని కారులోనికైనను మార్చుకొనవచ్చును. అయితే భుజముమీదుగా వచ్చు బెల్టున్న చోటనే వానిని అమర్చవలయును. పాతకార్లలో వెనుక నడిమిచోట నడుముబెల్టు మాత్రమే యుండుట కలదు. భుజపు బెల్టు కావలసిన సీటునకు అది చాలదు. మన దేశమున బండ్లు ఎడమప్రక్కన పోవును గనుక, వెనుకసీటున ఎడమవైపు మంచిది. బిడ్డను రోడ్డు నడుమకుగాక అంచువైపునకు దింపుకొనవచ్చును.

ముందుసీటున బిడ్డను ఉంచనేకూడదు. కారు వెనుకవైపునకు ముఖము త్రిప్పి కూర్చుండబెట్టు సీటును గాలిసంచి యున్న ముందుసీటులో ఉంచుట మరియు ప్రమాదకరము. పెద్దవారిని కాపాడు ఆ సంచియే విచ్చుకొని బిడ్డ తలను కొట్టును.

వెనుకకు ముఖము త్రిప్పుట ఎందులకని అవ్వలు తప్పక అడుగుదురు. బిడ్డ ముఖము తమకు కనబడదను బాధ వారిది. పుట్టిన బిడ్డకు తలయే శరీరపు పొడవులో నాలుగవ వంతు; దానిని మోయు మెడ యెముకలు ఇంకను గట్టిపడియుండవు. ముందునకు చూచుచున్న బిడ్డ తల ఆ తాకిడికి ముందునకు విసరును. వెనుకకు చూచు బిడ్డకో, వీపును తలయు కలిసి సీటు చట్రములో ఆనుకొనును. వ్యోమగాములు వీపున ఆనుకొని పయనించుటను చూచి స్వీడనుదేశపు బెర్టిల్ ఆల్డ్‌మన్ అను వైద్యుడు 1964లో ఈ ఉపాయము కనిపెట్టెను. ఐరోపావారి ఆర్ 129 అను నియమము ప్రకారము పదునైదు నెలలు నిండువఱకు బిడ్డ వెనుకకే చూడవలయును. అంతకు మించి ఎన్నాళ్లుంచిన అంత మంచిది. సరియగు సీటు వలన పసికందుల మరణములు సుమారు నూటికి డెబ్బదిపాళ్లు తగ్గునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు.

కొనునపుడు సీటుపై అతికించిన చీటీని చూడుడు. ఆర్ 129 అనిగాని, పాతదైన ఆర్ 44 అనిగాని, మనదేశపు ఏ.ఐ.యస్. 072 అనిగాని యుండవలయును. గట్టి చట్రము లేక, గుడ్డయు పట్టీలును మాత్రమే కలిగి, చీటీ లేని చౌకసరకును తాకవలదు. ఎవరో వాడినదానిని పుచ్చుకొనునపుడు అది ప్రమాదములో చిక్కినది కాదని రూఢిగా తెలియవలెను; దానిమీద ముద్రించిన గడువును దాటియుండరాదు. ఇంటిలో చంటిబిడ్డయు నాలుగేండ్ల పిల్లయు ఇరువురు వచ్చుపోవుచున్నచో రెండు సీట్లు తప్పవు. పెద్దపిల్లకు ఎత్తుపీట వంటి సీటు చాలును. బెల్టు మెడమీదగాక భుజముమీదను, కడుపుమీదగాక తొడలమీదను పడునట్లు చేయుటయే దాని పని.

బిగించిన పిదప బెల్టు దూరిన చోట సీటును పట్టి గట్టిగా కదలింపుడు. అంగుళమునకు మించి కదలినచో మరల బిగింపవలయును. బిడ్డ పట్టీని భుజమువద్ద రెండు వ్రేళ్లతో గిల్లి చూడుడు; మడత చేతికి వచ్చినచో వదులుగా నున్నదన్నమాట. ఆసుపత్రినుండి వచ్చు పసికందును పొత్తిగుడ్డలో చుట్టి సీటులో పెట్టుట మన అవ్వలకు వాడుక. అట్లు చేసిన కాళ్లనడుమ పట్టీ పోవుటకు దారియుండదు. ముందు పలుచని చొక్కాతో బిడ్డను పట్టీలలో కట్టి, పిదప గుడ్డను పైన కప్పవలయును.

నంద్యాల యెండ మరియొక చిక్కు. మేనెలలో నలువది డిగ్రీలు దాటు దినమున ఎండలో నిలిచిన కారులోని ఇనుపబొత్తాము బిడ్డ తొడను కాల్చును. సీటుమీద తెల్లని దుప్పటి కప్పియుంచి, బిడ్డను కూర్చుండబెట్టునపుడు బొత్తామును తమ చేతితో తాకి చూచుకొనవలెను. అద్దములు మూసిన కారులో బిడ్డను క్షణమైనను ఒంటరిగా విడువరాదు. సీటులో నిద్రించిన బిడ్డను ఇల్లు చేరినంతనే ఉయ్యాలలోనికి మార్చుట మంచిది. అందు తల ముందునకు వాలి ఊపిరి కష్టమగుట కలదు.

ఖర్చు మాట. మంచి సీటునకు కొన్నివేల రూపాయలగును. మనుమరాలి మొలత్రాటికో మురుగులకో మనము వెచ్చించుదానితో పోల్చిన ఎక్కువ కాదు. నామకరణమునాడు అమ్మమ్మగారి యింటి కానుకగా దీనినే ఈయవచ్చును. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము 194-బి సెక్షను ప్రకారము, పదునాలుగేండ్లు నిండని బిడ్డను బెల్టులోగాని బిడ్డల సీటులోగాని కట్టక బండి నడిపినవానికి వేయి రూపాయల జరిమానా గలదు. నడుపువాడనగా ఇక్కడ తాతగారే.

బిడ్డ యేడ్చును, మొదటి రెండు మూడు ప్రయాణములలో తప్పక యేడ్చును. స్టేషనులో దిగిన దినముననే మొదలుపెట్టక, వచ్చిన మరునాడు ఇంటిముందు నిలిపిన కారులో సీటునందుంచి కొంతసేపు ఆడించి, పిదప వీధి చుట్టు త్రిప్పినచో త్వరగా అలవాటుపడును. అవ్వ ప్రక్కనే కూర్చుండి తన బెల్టు తాను పెట్టుకొని కథ చెప్పుచుండవచ్చును. దారిలో పాలు పట్టవలసి వచ్చినచో బండిని రోడ్డుకు దూరముగా నీడను ఆపింపుడు. నలువది కిలోమీటర్ల త్రోవలో పదినిమిషములు ఆలస్యమైన, ఆళ్లగడ్డలో వంట చల్లారిపోదు.