పెంటపోగునకు పూచీ యెవరిది?

పశువులు గల రైతు తన పొలమునకు మిగిలిన యెరువును బండి కెత్తి విక్రయించుటయు, పట్టణవాసి దానిని కొని పెరటి మొక్కలకు వేసికొనుటయు ఉభయులకును లాభకరమైన వ్యవహారము. ఇందు నమ్మకమే ప్రధానము. ఏలయన, రంగును వాసనను జూచి యెరువులోని దోషమును కనిపెట్టుట సాధ్యము కాదు.

2008వ సంవత్సరమున ఇంగ్లాండులో ఈ నమ్మకమునకు భంగము కలిగెను. కూరతోటలలో టమాటా, చిక్కుడు, బంగాళాదుంప మొక్కల యాకులు ముడుచుకొని వికారరూపము దాల్చెను. విచారింపగా అమినోపైరలిడ్ అను కలుపుమందు కారణమని తేలెను. బీళ్లపై చల్లిన యీ మందు పచ్చికను చంపదు. దానిని మేసిన పశువు కడుపులో విరుగక పేడలోనికి వచ్చును. నేలలోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టువరకు, అత్యల్పముగా నున్నను వెడల్పాకు మొక్కలను చెరచును.

ఆ యేడు జులైలో ఆ మందుల యనుమతులు నిలుపబడెను. 2009లో నిబంధనలతో మరల ఈయబడెను. మందు చల్లిన బీళ్ల గడ్డివలన వచ్చిన యెరువు క్షేత్రము దాటరాదనునది వానిలో ముఖ్యమైనది. నిబంధన న్యాయమైనదే. కాని ఎండుగడ్డి చేతులు మారి పరుల గుఱ్ఱపుశాలకు బోయిన పిమ్మట ఆ యెరువు జాతక మెవ్వ రెరుగుదురు? పిదపను ఇట్టి మొఱలు వినవచ్చుటకు ఇదియే కారణమని మా యభిప్రాయము.

ఇది పరదేశపు ముచ్చటయని మనము ఉపేక్షింపరాదు. మన దేశమున 1985 నాటి యెరువుల నియంత్రణోత్తరువులో 2006వ సంవత్సరమున నగర కంపోస్టు, వానపాముల యెరువు మొదలగునవి చేర్పబడెను. తేమకు, కర్బనమునకు, నత్రజనికి ప్రమాణములు విధింపబడెను. కిలో యెరువున సీసము 100 మిల్లీగ్రాములకు మించరాదని నిర్ణయింపబడెను. ఆనాటి పట్టికలో కలుపుమందు శేషమునకు మాత్రము హద్దు కానరాదు. ఇక బండిపై వచ్చు దిబ్బ యెరువునకు అమ్మువాని మాటయే ప్రమాణము.

పేడబండికి లైసెన్సు పెట్టుమని మేము కోరుట లేదు. అందువలన చిన్న రైతు చితుకును, తోటకాపునకు ఎరువు దొరకకుండును. పశువులు మేసిన గడ్డిపై ఏ మందు చల్లబడినదో తెలుపు చీటీ ఎరువుతోపాటు చేతులు మారవలెననియు, ప్రమాణముల పట్టికలో కలుపుమందునకు చోటీయవలెననియు మాత్రమే కోరుచున్నాము. అంతదనుక కొనువారు ఎరువు కలిపిన మట్టితో నొక కుండను, ఎరువు లేని మట్టితో వేరొక కుండను నింపి చిక్కుడు గింజలు నాటి మూడు నాలుగు వారములు పరీక్షింతురుగాక. భూస్వాములు సత్యము చెప్పుట తమ ధర్మమని గ్రహింతురుగాక. నేల నమ్మినవానిని చెరచు నెరువు ఎంత చౌకయైనను ప్రియమే.