ఎవరితో ఎవరు పోటీ పడాలి?

మీ బడిలో ఆటల పోటీలు జరిగినప్పుడు అబ్బాయిలకు, అమ్మాయిలకు వేరువేరుగా పరుగు పందాలు పెడతారు కదా! ఎందుకలా? అమ్మాయిలకు పట్టుదల తక్కువనా? కానే కాదు. చిన్న లెక్క వేసి చూద్దాం.

నూరు మీటర్ల పరుగులో పురుషుల ప్రపంచ రికార్డు 9.58 సెకన్లు. జమైకా దేశస్థుడు ఉసేన్ బోల్ట్ 2009లో దీనిని నెలకొల్పాడు. స్త్రీల రికార్డు 10.49 సెకన్లు. అమెరికాకు చెందిన ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 1988లో దీనిని సాధించింది. ఇద్దరూ ఆ సగటు వేగాలతో పక్కపక్కనే పరుగెత్తారనుకోండి. బోల్ట్ గీత దాటే సమయానికి ఆమె సుమారు 9 మీటర్లు వెనుక ఉంటుంది.

ఈ తేడా చిన్నప్పుడు అంతగా కనిపించదు. యుక్తవయస్సు రాగానే అబ్బాయిల శరీరంలో టెస్టోస్టిరాన్ అనే హార్మోను బాగా ఊరుతుంది. ఎదిగిన పురుషుల రక్తంలో ఇది స్త్రీలలో కంటే సుమారు 15 రెట్లు ఎక్కువ. దీనివల్ల కండరాలు బలుస్తాయి. ఎముకలు పొడవుగా, దిట్టంగా పెరుగుతాయి. ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ కూడా ఎక్కువవుతుంది. అందుకే స్త్రీలకు వేరే పోటీలు పెట్టారు. అలా పెట్టకపోతే ఎంత సాధన చేసినా స్త్రీలకు ప్రపంచస్థాయి పరుగులో పతకం దక్కదు.

మరి చిక్కు ఎక్కడుంది?

కొందరిని పుట్టినప్పుడు మగపిల్లలనే అందరూ అనుకుంటారు. కాని తాము స్త్రీలమేనని వారి మనసు గట్టిగా చెబుతుంది. వీరిని ట్రాన్స్‌జెండర్ స్త్రీలు అంటారు. స్త్రీగా జీవిస్తున్న ఇలాంటి క్రీడాకారిణి స్త్రీల పోటీలో పాల్గొనవచ్చునా?

ఈ ప్రశ్న 1977లో న్యూయార్కు న్యాయస్థానం ముందుకు వచ్చింది. రెనీ రిచర్డ్స్ కంటి వైద్యురాలు, టెన్నిస్ క్రీడాకారిణి. 1975లో శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీగా జీవించసాగింది. అమెరికా టెన్నిస్ సంఘం ఆమెను స్త్రీల పోటీకి రానివ్వలేదు. న్యాయమూర్తి ఆమె పక్షాన తీర్పు చెప్పారు. ఆ ఏడాది యు.ఎస్. ఓపెన్ సింగిల్స్‌లో ఆమె మొదటి ఆటలోనే ఓడిపోయింది. డబుల్స్‌లో మాత్రం ఫైనల్‌కు చేరింది. అప్పటికి ఆమె వయస్సు 43 ఏళ్ళు.

2021 టోక్యో ఒలింపిక్స్‌లో న్యూజిలాండ్‌కు చెందిన లారెల్ హబ్బర్డ్ స్త్రీల బరువులెత్తే పోటీలో పాల్గొంది. ఆమెకూ 43 ఏళ్ళే. మూడు ప్రయత్నాలూ విఫలమై వెనుదిరిగింది.

చూశారా, పెద్ద తేడా ఏమీ లేదన్నమాట అంటారా? తొందరపడకండి! ఒక్కరి గెలుపుతోగాని, ఒక్కరి ఓటమితోగాని శాస్త్రం ఏదీ తేల్చదు. చాలామందిని కొలిచి చూడాలి.

కొలిస్తే ఏం తేలింది?

ట్రాన్స్‌జెండర్ స్త్రీలు మందులతో టెస్టోస్టిరాన్‌ను తగ్గించుకున్నప్పుడు, కొన్ని నెలల్లోనే హీమోగ్లోబిన్ స్త్రీల స్థాయికి దిగివస్తుంది. కండబలం మాత్రం మెల్లగా, కొద్దిగానే తగ్గుతుంది. ఎముకల పొడవు తగ్గనే తగ్గదు. అమెరికా వైమానిక దళంలోని 46 మంది ట్రాన్స్‌జెండర్ స్త్రీల పరీక్షల వివరాలు 2020లో వెలువడ్డాయి. రెండేళ్ళ చికిత్స తర్వాత బస్కీలలో వారికీ తోటి స్త్రీలకూ తేడా పోయింది. పరుగులో మాత్రం వారు ఇంకా 12 శాతం వేగంగానే ఉన్నారు. అయితే వీరు సైనికోద్యోగులే గాని ఒలింపిక్ క్రీడాకారులు కారు. విలువిద్యకూ, ఈతకూ, బరువులెత్తడానికీ కావలసిన శక్తులు ఒకటి కావు. కాబట్టి ఏ ఆటకు ఆ ఆటను కొలవవలసిందే.

అంతర్జాతీయ ఈత సమాఖ్య 2022లో, అథ్లెటిక్స్ సమాఖ్య 2023లో నియమాలు మార్చాయి. పురుష యుక్తవయస్సు గడిచిన ట్రాన్స్‌జెండర్ స్త్రీలు తమ స్త్రీల పోటీలలో పాల్గొనరాదని నిర్ణయించాయి. న్యాయమైన పోటీ కోసమే అన్నారు కొందరు. ఇది మనుషులను వెలివేయడమే అన్నారు మరికొందరు.

మానవవాదులు ఇలాంటి చిక్కును ఎలా చూస్తారు? "పూర్వం నుంచీ ఇంతే" అన్న మాటతో సరిపెట్టుకోరు. ఆధారం ఏం చెబుతున్నది, ఎవరికి ఎంత నష్టం కలుగుతున్నది అని అడుగుతారు. ఏళ్ళ తరబడి సాధన చేసిన అమ్మాయి పతకం పోగొట్టుకోవడం నష్టమే. తనకంటూ పోటీయే లేకుండా ఒక మనిషి మైదానం బయట నిలబడిపోవడమూ నష్టమే. ఇద్దరిలో ఎవరి బాధనూ కొట్టిపారేయలేం.

రెనీ రిచర్డ్స్ కథలో ఇంకొక సంగతి ఉంది. ఆమె తరువాతి కాలంలో తన అభిప్రాయాన్ని తానే మార్చుకుంది. ఇరవయ్యో పడిలో ఆ చికిత్స చేయించుకుని ఆడి ఉంటే, స్త్రీలెవరూ తనకు సాటి వచ్చేవారు కారేమోనని ఒప్పుకుంది. తనకు అనుకూలమైన తీర్పు గురించే మళ్ళీ ఆలోచించడానికి ఎంత నిజాయితీ కావాలి!

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. వాటిని కలిపేయకండి. ఎవరు ఏ పోటీలో ఆడాలి అన్నది మొదటిది. దీనికి కొలతలు కావాలి. కొత్త ఆధారాలు దొరికితే జవాబు మారవచ్చు. ఆ మనిషిని గౌరవించాలా వద్దా అన్నది రెండవది. దీనికి ఏ కొలతా అక్కరలేదు. 2014లో మన సుప్రీంకోర్టు కూడా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు అందరితో సమానంగా గౌరవంగా బ్రతికే హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది.

రైల్లోనో బజారులోనో ఇలాంటి వారిని ఎగతాళి చేయడం మీరు చూసే ఉంటారు. ఈసారి చూసినప్పుడు ఆ నవ్వులో మీరు కలవకండి. ఇక మొదటి ప్రశ్నను మీ తరగతిలో చర్చకు పెట్టండి. మీరే న్యాయనిర్ణేతలైతే ఏ ఆటకు ఏ నియమం పెడతారు? ఎందుకు?