రాత్రి కరెంటు కోసం పుట్టిన ఇటుక

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో ఇండక్షన్ ఫర్నేసు నడిపేవాళ్ళు గడియారం చూడకుండా స్విచ్ వేయరు. స్పాంజ్ ఐరన్ కరిగించి ఒక టన్ను ఉక్కు పోయాలంటే 600 యూనిట్లకు పైనే కరెంటు కావాలి. యూనిట్‌కు కొన్ని పైసలు తగ్గినా నెల తిరిగేసరికి అది లక్షల్లో తేలుతుంది. ఛత్తీస్‌గఢ్ విద్యుత్ నియంత్రణ కమిషన్ టారిఫ్ ఉత్తర్వుల్లో హైటెన్షన్ వినియోగదారులకు ఏళ్ల తరబడి ఒక పద్ధతి సాగింది: సాయంత్రం 6 నుంచి 11 దాకా ధర ఎక్కువ, రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా తక్కువ.

రాత్రి కరెంటు ఎందుకు చౌక? బొగ్గు బాయిలర్‌ను తోచినప్పుడు ఆర్పి, కావలసినప్పుడు వెలిగించడం కుదరదు. చల్లారిన బాయిలర్‌ను మళ్ళీ పూర్తి సామర్థ్యానికి తేవడానికి గంటలు పడుతుంది, దానికి నూనె ఖర్చు వేరే. అందుకే కోర్బాలో ఉన్న 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం లాంటివి ఊరంతా నిద్రపోతున్నా ఎంతో కొంత ఉత్పత్తి చేస్తూ ఉండాల్సిందే. ఆ కరెంటుకు కొనేవాడు కావాలి. రాయ్‌పూర్‌లో ఉక్కు కొలిమి కొన్నది. చలిదేశమైన బ్రిటన్‌లో అదే పని ఇళ్ళలోని ఇటుకలతో చేయించారు.

ఆ ఇటుకలున్న యంత్రం పేరు స్టోరేజ్ హీటర్. 1960ల నుంచి అక్కడి ఇళ్ళలోకి లక్షల్లో చేరింది. గోడకు ఆనించిన ఇనుప పెట్టె. మూత తీస్తే లోపల నల్లటి ఇటుకలు, వాటి మధ్య హీటింగ్ కాయిల్స్, చుట్టూ మందమైన ఇన్సులేషన్. ఆ ఇటుక మనం ఇల్లు కట్టే మట్టి ఇటుక కాదు, ఇనుప ఖనిజమైన మాగ్నటైట్‌తో చేసింది. రాత్రంతా కాలి దాదాపు 600 డిగ్రీల వేడికి చేరుతుంది. కిలో ఇటుక అంత వేడెక్కితే సుమారు 0.15 యూనిట్ శక్తి దాచుకుంటుంది. 3.4 కిలోవాట్ల హీటర్ 7 గంటల్లో మింగేది 24 యూనిట్లు. అంటే 160 కిలోల ఇటుక కావాలి. ఇద్దరు మనుషులు కలిసినా కదిలించలేని బరువది.

నీళ్ళలోనే దాచవచ్చు కదా అనిపిస్తుంది. డిగ్రీకి డిగ్రీ చూస్తే నీరే ఎక్కువ వేడిని పట్టుకుంటుంది, నిజమే. కానీ 100 డిగ్రీలకు మరిగిపోతుంది. ఇటుక 600 దాటినా చెక్కుచెదరదు. పైగా నీటికన్నా దాదాపు నాలుగు రెట్లు సాంద్రత గలది కనుక తక్కువ చోటులో ఇమిడిపోతుంది. కదిలే భాగాలు దాదాపు లేవు, పొగ లేదు, బొగ్గు మోయనక్కరలేదు. ఇంత సాదా యంత్రం మూడు తరాల పాటు పనిచేయడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

1978 అక్టోబరులో 'ఎకానమీ 7' అనే టారిఫ్ వచ్చింది. రాత్రి 7 గంటలు చౌక, మిగతా 17 గంటలు మామూలుకన్నా కాస్త ఎక్కువ. ఈ మార్పును మీటరుకు చెప్పడానికి మొదట టైమ్ స్విచ్ ఉండేది. 1980లలో రేడియో టెలిస్విచ్ వచ్చింది. బీబీసీ రేడియో 4 లాంగ్‌వేవ్ ప్రసారంలో, వార్తలు వింటున్నవారి చెవికి అందకుండా, తరంగపు ఫేజ్‌ను కొద్దిగా అటూ ఇటూ జరిపి సంకేతాలు పంపేవారు. డ్రాయిట్‌విచ్ ప్రసార కేంద్రం నుంచి 198 కిలోహెర్ట్జ్ మీద వచ్చిన ఆ సంకేతాన్ని మెట్ల కింది మీటరు పక్కనున్న చిన్న పెట్టె పట్టుకుని హీటర్లను వేసేది, ఆర్పేది.

లోపాలు మొదటి నుంచీ ఉన్నాయి. ఇటుక వేడి ఉదయం నుంచే కారిపోతుంది. మనిషి పని నుంచి వచ్చి చలికి వణికే సాయంత్రానికి అది సగం చల్లబడి ఉంటుంది. రేపు ఎంత చలి ఉంటుందో ఈ రాత్రే ఊహించి మీట తిప్పుకోవాలి. ఎక్కువగా అద్దె ఫ్లాట్లలో, గ్యాస్ లైను లేని ఊళ్ళలో ఉండేవాళ్ళకే ఈ బాధ. ఆ తర్వాత హీట్‌పంప్ వచ్చింది. ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఇటుక ఒకటి తీసుకుని ఒకటే ఇస్తుంది. రాత్రి ధర మూడో వంతుకు పడితే తప్ప దానితో పోటీ పడలేదు.

2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం రాట్‌క్లిఫ్ ఆన్ సోర్ మూతపడింది. ఇప్పుడక్కడ గాలి ఎప్పుడు వీస్తే అప్పుడు కరెంటు చౌక. అది రాత్రే కావాలని లేదు. 2025 జూన్ 30 నుంచి రేడియో టెలిస్విచ్ సేవను దశలవారీగా ఆపడం మొదలుపెట్టారు.

రాత్రి మిగులు మన రైతుకూ వచ్చింది, కానీ వరంగా కాదు. అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు వేయడానికి వెళ్ళి పాముకాటుకో, కరెంటు షాకుకో ప్రాణాలు వదిలిన రైతులు తెలుగు పల్లెల్లో ఎందరో. గ్రిడ్‌కు సౌకర్యమైన గంటను మనిషి నెత్తిన రుద్దితే జరిగేది అదే. పగటిపూట వ్యవసాయ విద్యుత్ కోసం రైతులు పట్టుబట్టింది ఇందుకే. సోలార్ వచ్చాక ఆ కోరిక గ్రిడ్‌కూ గిట్టుబాటైంది.

కేంద్రం 2023 జూన్ 14న విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను సవరించింది. దాని ప్రకారం సూర్యుడు ఉండే 8 గంటల్లో ధర మామూలుకన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ గంటల్లో పరిశ్రమలకు, వాణిజ్య వినియోగదారులకు కనీసం 20 శాతం, ఇతరులకు కనీసం 10 శాతం ఎక్కువ. పది కిలోవాట్లు దాటిన వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1, వ్యవసాయం మినహా మిగతావారికి 2025 ఏప్రిల్ 1 గడువు. స్మార్ట్ మీటరు ఉన్నవారికి అది పెట్టిన వెంటనే. చౌక గంట అర్ధరాత్రి నుంచి మిట్టమధ్యాహ్నానికి జరుగుతోంది.

రాయ్‌పూర్ నుంచి పడమరకు సుమారు 70 కిలోమీటర్లు వెళితే రాజ్‌నంద్‌గావ్. 100 మెగావాట్ల సోలార్‌తో పాటు 120 మెగావాట్ అవర్ల బ్యాటరీ ఉన్న కేంద్రం అక్కడ 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితమైంది. స్టోరేజ్ హీటర్ రాత్రి మిగిలినదాన్ని పగటికి దాచింది. ఈ బ్యాటరీ పగలు మిగిలినదాన్ని సాయంత్రానికి దాస్తుంది. వేడి మాత్రమే ఇవ్వగల ఇటుకలా కాకుండా, ఇది కరెంటునే తిరిగి ఇస్తుంది.

మీ ఇంటికి స్మార్ట్ మీటరు వస్తే, ఏ గంటలు చౌకో ఆ ఏటి టారిఫ్ ఉత్తర్వులో చూసుకోండి. గీజరు, వాషింగ్ మెషీన్, బండి ఛార్జింగ్ ఆ గంటలకు మార్చుకోండి. పగలు ఇంట్లో ఉండలేని కూలీ కుటుంబాలకు, సాయంత్రమే పొయ్యి, ఫ్యాను నడిచే చిన్న ఇళ్ళకు ఈ కొత్త ధర భారం కాకుండా చూడమని నియంత్రణ కమిషన్ బహిరంగ విచారణల్లో అడగండి. అక్కడ మాట్లాడే హక్కు ప్రతి వినియోగదారుడికీ ఉంది.