చేపల కుంటలో పాచి: మందు కొట్టకుండా అదుపు చేయడం ఎలా?

పద్మనాభం, భీమిలి వైపు పొలం కుంటల్లో చేపలు వేసి, అదే నీటిని పంటకి వాడుకునేవాళ్ల కోసం ఈ విషయం. ఎండలు ముదిరేసరికి నీరు చిక్కటి పచ్చగా మారుతుంది, గట్టు వెంట దారాల్లాంటి పాచి పేరుకుంటుంది. డ్రిప్ ఫిల్టరు మూసుకుపోతుంది. పగలు పాచి ఆక్సిజన్ ఇస్తుంది గానీ రాత్రంతా తనే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి.

మైలుతుత్తం ఎందుకు వద్దు?
పాచి చస్తుంది, నిజమే. కానీ అది ఒకేసారి కుళ్లి ఉన్న ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. రాగి అడుగు మట్టిలో ఉండిపోతుంది. పాచి తిన్న నత్రజని, భాస్వరం మళ్లీ నీటిలోకే వస్తాయి. కొన్నాళ్లకి మళ్లీ పాచే.

ఇళ్లల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి పగడాలు పెంచేవాళ్లకీ ఇదే తలనొప్పి. వాళ్లు పక్కన చిన్న తొట్టెలో మంచి సముద్రపు నాచుని దీపం కింద పెంచి, పెరిగింది పెరిగినట్టు తీసేస్తారు. నీటిలో ఎక్కువైన పోషకాలు నాచుతోపాటు బయటికి పోతాయి. గాజుకి పట్టిన పాచిని నత్తలు మేస్తాయి. మన కుంటకీ ఇదే సూత్రం: మేత తగ్గించాలి, పెరిగింది బయటికి తీయాలి.

ఏం చేయాలి?

1. పై పొలాల ఎరువు నీరు, పశువుల పాక నీరు కుంటలోకి రాకుండా గట్టు వేయండి. చేపలు తినగలిగినంతే తవుడు, చెక్క వేయండి. నీరు పచ్చగా ఉన్నప్పుడు పేడ, జీవామృతం పోయొద్దు. 200 లీటర్ల జీవామృతంలో 10 కిలోల పేడ, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి ఉంటాయి. పొలానికి అది బలం, కుంటలో పాచికి మేత.

2. వెదురు గెడకి పాత వల కట్టి దారపు పాచిని లాగండి. గట్టు మీద వదిలేస్తే వానకి మళ్లీ లోపలికే పోతుంది. ఎండుటాకులతో కలిపి కంపోస్టు చేయండి.

3. ఒక మూల వెదురు చట్రం కట్టి అందులో అజొల్లా వేయండి. అది నీటిలోని భాస్వరాన్ని తీసుకుంటుంది. వారం వారం తీసి పశువులకి, కోళ్లకి పెట్టండి. కుంటంతా కప్పేస్తే మాత్రం చేపలకి ఊపిరాడదు.

4. వెండి చేప పచ్చనీటిలోని సూక్ష్మ పాచిని వడకట్టి తింటుంది. గడ్డి చేప మెత్తటి నీటి మొక్కల్ని మేస్తుంది, కానీ దాని విసర్జనే మళ్లీ ఎరువు. కాబట్టి కొద్దిగానే వేయండి, అజొల్లా చుట్టూ వల కట్టండి.

5. పచ్చనీటిని కొంత కొంతగా కాలువ ద్వారా పొలానికి పెట్టి, కుంటలో కొత్త నీరు నింపండి. ఆ పచ్చదనం పంటకి ఎరువే.

చేతి పరీక్ష
వీడియోలో చూపించినట్టు చేతిని మోచేతి వరకు నీటిలో ముంచండి. అంతకంటే ముందే అరచేయి కనబడకుండా పోతే పాచి ఎక్కువైనట్టే. నీరు బురదగా లేనప్పుడే ఈ పరీక్ష చేయాలి.

చేపలు నోళ్లు తెరుస్తుంటే ఆ రోజు మేత ఆపేయండి. బోరు నీటిని ఎత్తు నుంచి చిమ్మేలా పోయండి. బోరు నీటిలో ఆక్సిజన్ తక్కువ, గాలి తగిలితేనే చేపకి పనికొస్తుంది.